మా స్వంత లాప్‌టాపు



ఈ పుటలో ఒక మాసము వంటను గూర్చి, ఒక మాసము పిల్లల పెంపకమును గూర్చి, ఒక మాసము ఇంటి పొదుపును గూర్చి ముచ్చటించుట మనకు వాడుక. ఈ మాసము ఒక యంత్రమును గూర్చి వ్రాయదలచితిమి. ఉగాది వెళ్ళిన వారమున బెజవాడ గవర్నర్‌పేటలో మేమొక లాప్‌టాపును కొంటిమి. అది పిల్లల చదువునకు గాని, సినిమాలు చూచుటకు గాని కొన్నది కాదు. మేము నడుపుచున్న పచ్చళ్ళ వ్యాపారపు లెక్కలకై, మా సొమ్ముతో, మా పేర కొన్నది.

మా యింట యంత్రములకు కొదువ లేదు. పిండి రుబ్బునది కలదు, బట్టలుతుకునది కలదు, చల్లార్చునది కలదు. అవన్నియు మా చేతిమీదుగానే నడచుచున్నను వానిలో ఏ యొక్కటియు మాదని మేమెన్నడును తలచియుండలేదు; అవి ఇంటివి. ఇది మాత్రము మాది. దీనితో ఒక నెల గడపిన పిమ్మట కలిగిన తొలి అభిప్రాయములను, మంచివానిని చెడ్డవానిని గూడ, దాపరికము లేక మీ ముందుంచుచున్నాము.

ముందుగా, ఎందులకు కొంటిమో చెప్పవలెను. మేమును మా చెల్లెలును కలిసి యీ వ్యాపారమును సాగించుచున్నాము. పచ్చళ్ళు పెట్టుట మా యింటి వెనుక వసారాలో. పద్దు వ్రాయుట చెల్లెలి పని. ఆమె కాపురము సింగ్‌నగరులో. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, గండ్లు పడి, ఆ పేట నంతటిని ముంచిన సంగతి మీరెరుగుదురు. ఆ దినములందే కృష్ణలో ప్రకాశము బ్యారేజివద్దకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. చెల్లెలు పిల్లలతో మేడపైకి చేరి ప్రాణములు దక్కించుకొన్నది. నీరు తీసిన పిదప పద్దుపుస్తకము దొరికినది గాని, అట్టలమధ్య బురదయు, నీలిరంగు మరకలును తప్ప అక్షరము లేదు.

మాకు ఎవరెవరు బాకీయో, మేమెవరికి బాకీయో, ఆ రాత్రితో తుడిచిపెట్టుకొనిపోయినది. కొందరు తామే వచ్చి, "అమ్మా, మేమింత ఇవ్వాలి" అని చెప్పి ఇచ్చిరి. వారి ఋణము మేము తీర్చుకొనలేము. కొందరు ఊరకుండిరి. వారిని అడుగుటకు మావద్ద ఆధారము లేదు. నోటిలెక్కకు సాక్షి లేడని మాకు అప్పుడు తెలిసివచ్చినది.

అయినను వెంటనే కొనలేదు. మా అబ్బాయి కాలేజీలో వాడి విడిచిన పాత లాప్‌టాపు ఒకటి యుండగా క్రొత్తది ఎందుకని ఏడాదిన్నర దానితోనే గడపితిమి. అందు రెండు మీటలు ఊడిపోయినవి. మేము లెక్కకు కూర్చుండు వేళకే వాని కది కావలసి వచ్చెడిది. ఒకనాడు ఆటకు చోటు చాలలేదని మా పట్టిక నొకదానిని తీసివేసినాడు. వానిని కోపించి ప్రయోజన మేమి? వస్తువు వానిది. అరువు సొమ్ము బరువుచేటని పెద్దలు నగలను గూర్చి చెప్పిన మాట యంత్రములకును చెల్లును.

కొనుటకు మావారితో కలిసి బీసెంటు రోడ్డు దాటి ఒక దుకాణమునకు పోయితిమి. దుకాణపు కుఱ్ఱవాడు మావారికి కుర్చీ వేసి, "సార్, మీకు ఏ పనికి కావాలండీ?" అని అడిగెను. మావారు, "నాకు కాదయ్యా, ఈవిడకి" అనిరి. వెంటనే అతడు గులాబీరంగు మూతగల పలుచని యంత్రము నొకదానిని తెచ్చి, "మేడమ్‌గారికి ఇది బాగుంటుందండీ, చాలా తేలిక" అనెను. "వ్యాపారం లెక్కలకి బాబూ. రోజూ నాలుగైదు గంటలు టైపు చెయ్యాలి. అయిదారేళ్ళు మన్నాలి" అని మేము చెప్పిన మీదట, లోపలి అరలనుండి బిజినెస్ లాప్‌టాపులను దింపినాడు. తీరా బేరము కుదిరిన పిదప, "బిల్లు సార్ పేరు మీద రాసెయ్యమంటారా?" అని మరల మావారినే అడిగెను. "కాదు, నా పేరు మీదే రాయి" అని మేమే చెప్పవలసి వచ్చినది. అతనిపై మాకు కోపము లేదు. అతడు చూచిన లోకము అట్టిది.

లెక్కయంత్రము పురుషుల సొత్తను తలపు ఎట్లు పుట్టినదో మాకు తెలియదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపిన ఎనియాక్ అను మహాయంత్రము సుమారు 18 వేల దీపనాళములతో ఒక పెద్ద గది నంతను ఆక్రమించియుండెడిది. దానికి లెక్కలను అమర్చి నడపినవారు ఆరుగురు స్త్రీలు: కేథలీన్ మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. వారి పేర్లు చాలకాలము మరుగున పడియుండినవి. మన తెలుగింట పుట్టిన అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయి, పసిబిడ్డను పెట్టుకొని, మదరాసు గిండీ కాలేజీలో విద్యుత్తు ఇంజనీరింగు చదివి 1943లో కృతార్థురాలైరి. ఆమె చదివిన చదువుతో పోల్చినచో మా లాప్‌టాపు నేర్చుట యెంత!

ఇక యంత్రపు సంగతి. ఏ కంపెనీదో చెప్పము. ఈ పుట ప్రకటనలకు కాదు. పెట్టె తెరవగానే మాకు కొంత నిరుత్సాహము కలిగినదని ఒప్పుకొనవలెను. నల్లని అట్టపెట్టెవంటి ఆకారము. మెరుపు లేదు, సొగసు లేదు. బిజినెస్ లాప్‌టాపులకు ఈ వేషము క్రొత్త కాదు. 1992లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన థింక్‌ప్యాడ్‌ను, జపాను దేశపు నల్లని భోజనపు పెట్టెను మనస్సులో నుంచుకొని రూపించిరట. పైకి సాదా, మూత తీసినచో లోపల అన్నియు అమరియుండుట అందలి భావము. అన్నము కట్టి పంపు చేతులకు ఆ భావము తెలియకపోదు.

బరువు కిలోన్నరకు లోపు. 1981లో అమ్మిన ఆస్‌బోర్న్ అను 'చేతియంత్రము' సుమారు 11 కిలోలు తూగెడిదట. నిండు బిందెనైన నడుమున మోయవచ్చును గాని, దానిని మోయుట మనతరమా! మూతకు గల మడతబందు గట్టిది. ఏ కోణమున ఆపిన ఆ కోణమున నిలుచును. తెర అద్దమువలె మెరయదు. మొదట అది లోపమనుకొంటిమి. పగటివేళ వసారాలో కూర్చుండి చూచినప్పుడు, వెలుతురును మన ముఖమునకు తిప్పికొట్టని ఆ మసకతెరయే కన్నులకు హాయి అని తెలిసినది.

అన్నిటికంటె మెచ్చదగినది కీబోర్డు. మీటలు వ్రేలికి కుదురుగా తగులును. ఒక్కొక్కటి కొంత లోతు దిగి, అక్షరము పడినదని వ్రేలికి తెలియజేయును. ఈ తరగతి యంత్రములలో పెక్కింటికి కీబోర్డు క్రింద చిందిన నీరు కొంతవరకు నిలువక బయటికి పోవు ఏర్పాటుండును. రెండవ వారమునందే మేము కాఫీ ఒలికించి దానిని పరీక్షించితిమి. వెంటనే ఆర్పి, తలక్రిందులుగా వంచి, ఒక దినమంతయు ఆరబెట్టితిమి. బ్రతికినది. అయినను మీరు ఈ పరీక్ష చేయవద్దు. ఆ యేర్పాటు గ్రుక్కెడు నీటికే గాని గ్లాసెడు కాఫీకి కాదు.

చెడ్డలును కలవు. పాట వినబోయిన, డబ్బాలో గులకరాళ్ళు మ్రోగినట్లుండును. ఎనిమిది గంటలు వచ్చునన్న బ్యాటరీ మా పనికి అయిదున్నర గంటలకు మించి రాలేదు. మొదటి దినమున ఛార్జరు తగిలించి పనిచేయుచుండగా అరచేతికి చీమలు ప్రాకినట్లు జివ్వుమన్నది. యంత్రము చెడినదని భయపడితిమి. విద్యుత్తు పనివాడు వచ్చి చూడగా, మా వసారా ప్లగ్గుకు ఎర్తు తీగయే లేదు! మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టుటకు మూడు రంధ్రములున్న చాలదు. మూడవ రంధ్రము వెనుక భూమికి పోవు తీగ యుండవలెను. లాప్‌టాపు పుణ్యమా అని ఆ దోషము తెలిసినది. లేనిచో ఆ ప్లగ్గునకే రుబ్బుడు యంత్రమును తడిచేతులతో తగిలించుచుండెడివారము.

తెలుగు వ్రాతను గూర్చి ఒక మాట. మీటలమీద తెలుగు అక్షరములు చెక్కి లేవు; ఇది మా కొరత. కాని లోపల తెలుగు కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునుండియే మన లిపికి అందు స్థానమున్నది. మా చెల్లెలి కూతురు ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు రప్పించును. మేము మాత్రము ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకొంటిమి. అందు అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి ప్రక్కన, హల్లులు చాలవరకు కుడిచేతి ప్రక్కన నుండును. 'అమ్మ' అని వ్రాయుటకు అ, మ, పొల్లు, మ అని వరుసగా కొట్టవలెను. రెండవ మకారము తానే క్రిందికి దిగి ఒత్తగును. పలకమీద దిద్దిన చదువే ఇది. ఒక కాగితముమీద మీటల పటము వ్రాసికొని తెర ప్రక్కన అంటించి, రోజుకు అరగంట చొప్పున సాధన చేయగా, మూడు వారములకు చూడకయే చేయి ఆడసాగినది. ఈ పుటను అట్లే వ్రాసితిమి.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. ఆవకాయ కాలము మొదలైనది. ఇరువది కిలోల ఆవకాయకు ఒక పట్టిక వేసితిమి. కాయలు, కారము, ఆవపిండి, ఉప్పు, నూనె, సీసాలు, అట్టపెట్టెలు, పంపకపు ఖర్చు, కాయ కొట్టిన మనిషి కూలి – అన్నియు వరుసగా వ్రాసితిమి. ఈ పట్టికలలోని సౌకర్యమేమనగా, ఒక అంకె మార్చినచో మొత్తము దానంతట అది మారును. క్రింద లాభపు అంకె కనబడినది. చూచి సంతోషించితిమి. వెనుకనుండి చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, మీ కూలీ, అమ్మ కూలీ ఏ వరసలో ఉంది?" అని అడిగినది.

లేదు. ఇన్నేండ్లలో ఎన్నడును లేదు. పద్దుపుస్తకమున్నప్పుడును లేదు. "మాకు కూలి యేమిటే, ఇది మన పని" అంటిమి. ఆ పిల్ల ఊరకుండక, "సరే, గంటలైనా రాయండి" అన్నది. వ్రాసితిమి. ఆ ఇరువది కిలోలకు మావి తొమ్మిది గంటలు, చెల్లెలివి ఆరు గంటలు. ఆ పదునైదు గంటలకును కాయ కొట్టిన మనిషికి ఇచ్చు కూలియే కట్టి చూడగా, లాభమనుకొన్న సొమ్ములో మూడవ వంతు మిగులలేదు. చిన్న సీసాలలో అమ్మిన పచ్చడిమీద నష్టమే! మేము మా యొడలి కష్టమును ఊరివారికి ఉచితముగా పంచుచు, దానికి వ్యాపారమని పేరు పెట్టుకొంటిమి.

అంతటితో ఆగినచో బాగుండెడిది. గంటల వరుస ఒకమారు తెరచిన పిమ్మట మావద్ద పనిచేయు ఇరువురు స్త్రీల గంటలను గూడ వ్రాయవలెను గదా. సరకు పంపు దినములలో వారు సాయంకాలము వేళ మించి ఉండిపోవుచున్నారు. పెట్టెలు కట్టుట ముగియువరకు వారు కదలరు. మేము పొమ్మనలేదు, వారు అడుగలేదు. ఆ అధిక కాలమునకు మేము కూలి ఇచ్చియుండలేదు. మా కష్టమునకు విలువ కట్టలేదని చింతించుచున్న మేమే మరియొకరి కష్టమునకు విలువ కట్టక పోతిమి. తెరమీద ఆ అంకెను చూచి సిగ్గుపడితిమి. ఆ నెల బాకీ ఆ వారమే తీర్చితిమి. చిన్న సీసా ధర పెంచితిమి. నెల మొదటి తేదీన మా యిద్దరి కూలియు మా యిద్దరి బ్యాంకు ఖాతాలలో పడునట్లు ఏర్పరచుకొంటిమి.

యంత్రము మాకు క్రొత్త నీతి నేర్పలేదు. ఖాళీ వరుసను ఖాళీగా చూపినది, అంతే. ఈ పని పొడవాటి పుస్తకములో గీత గీసియు చేయవచ్చును. చేయకపోవుటకు కారణము, ఆ పుస్తకము చెల్లెలి చేతిలో, పాత యంత్రము అబ్బాయి చేతిలో, లెక్క మా మనస్సులో ఉండుటయే. తనదైన చోట తీరికగా కూర్చుండి చూచిననే లెక్క కనబడును.

తాళము సంగతి చెప్పి ముగించుదుము. యంత్రము తెరచుటకు వ్రేలిముద్రయు, రహస్యపు మాటయు ఏర్పరచితిమి. "ఇంట్లో మా దగ్గర కూడా రహస్యమా?" అని మావారు నవ్వుచు అడిగిరి. "మీ ఆఫీసు కాగితాల బీరువా తాళం నేనెప్పుడైనా అడిగానా?" అంటిమి. వారు మరల అడుగలేదు. అబ్బాయికి అదే యంత్రములో వేరు ఖాతా తెరచి ఇచ్చితిమి. వాని ఆటలు వానివి, మా పద్దులు మావి. రహస్యపు మాటను మాత్రము కాగితముమీద వ్రాసి మూత లోపల అంటింపలేదు.

కొనదలచిన సోదరీమణులకు మా అనుభవమునుండి కొన్ని సూచనలు:

బిల్లు మీ పేరుననే వ్రాయించుకొనుడు. వ్యాపారమునకు జి.ఎస్.టి. నమోదు ఉన్నచో ఆ సంఖ్యనుగూడ బిల్లుపై వేయించవలెను. లాప్‌టాపుపై చెల్లించు 18 శాతము పన్నును లెక్కలో సర్దుకొనుటకు అది ఆధారము.

కంపెనీలు వాడి విడిచిన బిజినెస్ లాప్‌టాపులు తక్కువ ధరకు దొరకును. గట్టివి గనుక పెక్కు మన్నును. అయితే విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నడువదగినదో కాదో చూచి మరీ కొనవలెను.

ఎప్పుడును ఛార్జరుతోనే వాడువారు, బ్యాటరీ 80 శాతమువద్ద ఆగు ఏర్పాటు ఉన్నచో దానిని పెట్టుకొనుడు. నిండు ఛార్జియు, మన కోస్తా వేడియు కలిసి బ్యాటరీ ఆయువును తగ్గించును.

పెక్కు యంత్రములలో లోపలి వ్రాతలన్నియు తాళములో నుండును. ఆ తాళము బిగిసినచో విప్పుటకు 48 అంకెల సంఖ్య యొకటి యుండును. దానిని కాగితమునకు ఎక్కించి నగలపెట్టెలో దాచుడు. అది లేనిచో మీ పద్దు మీకే దక్కదు.

చివరిది, ముఖ్యమైనది. పద్దునకు మూడు ప్రతులుండవలెను: యంత్రములో ఒకటి, వేరొక డిస్కులో ఒకటి, ఊరిలో మరియొక చోట గాని ఇంటర్నెట్టులో గాని ఒకటి. మేము ప్రతి శనివారము రాత్రి దీపము పెట్టిన పిమ్మట ప్రతి తీయుచున్నాము. ఆ డిస్కును చెల్లెలు సింగ్‌నగరునకు తీసికొనిపోవును; ఈమారు దానిని మేడమీది అలమారలో పైయరన పెట్టుచున్నది. బుడమేరు మరల రాకుండుగాక! వచ్చినను, ఎవరు ఎవరికి ఎంత బాకీయో, ఎవరు ఎన్ని గంటలు కష్టపడిరో ఇక చెరిగిపోదు.